‘ప్రభువా, కరుణించుము’ అనడం అవిశ్వాసమా?

 

ఈసారి ఒక బోధను ఎదిరించి రాయక తప్పడం లేదు. కొంతకాలంగా యూట్యూబులోనూ, రాత్రి కూటాల్లోనూ, ఉపవాస ప్రార్థనల్లోనూ ఈ మాట వినబడుతోంది: ‘రక్షణ పొందినవాడు ప్రభువా, కరుణించుము అని ప్రార్థించకూడదు. కరుణ ఎప్పుడో దొరికింది. మళ్ళీ అడిగితే అది అవిశ్వాసం. నువ్వు రాజు బిడ్డవి. రాజు బిడ్డ అడుక్కోడు, ప్రకటిస్తాడు.’ వినడానికి బాగానే ఉంటుంది. చప్పట్లు కూడా పడతాయి. దీన్ని విన్న కొందరు యౌవనస్థులు ఆరాధనలో ఆ మాట వచ్చేసరికి నోరు కట్టేసుకుని నిలబడుతున్నారు. ఒక తమ్ముడు వచ్చి, ‘అయ్యగారూ, మన క్రమంలోంచి అది తీసేస్తే మంచిది కదండీ’ అని అడిగాడు. మర్యాదగానే అడిగాడు. అతనికి ఇచ్చే జవాబు అందరికీ పనికొస్తుందని ఇక్కడ రాస్తున్నాను.

ఆ బోధ చేసేవాళ్ళందరూ దుర్మార్గులని నేననను. వాళ్ళలో ప్రభువును నిజంగా ప్రేమించేవాళ్ళున్నారు. కానీ బోధ తప్పు. ఆ తప్పుకు వెల కడుతున్నది మాత్రం వేదిక మీద ఉన్నవాళ్ళు కాదు, కింద చాప మీద కూర్చున్న పేదలు.

వాళ్ళు మోపే నేరాలు మూడు. ఒకటి, ఇది అవిశ్వాసం. రెండు, ఇది వ్యర్థమైన వల్లింపు, రోమా సంఘం నుంచి వచ్చిన అలవాటు. మూడు, ఇది బానిస మాట. ఒక్కొక్కటి చూద్దాం. ముందు అసలు ఆ మాటకు అర్థమేమిటో చూడాలి.

మాటకు అర్థం

కొత్త నిబంధన గ్రీకులో ఇది చిన్న మాట: కీరియె ఎలెయిసోన్. ప్రభువా, కరుణించు. ‘ఎలెయోస్’ అంటే కనికరం. గ్రీకులో నూనెకు ‘ఎలాయియోన్’ అంటారు కాబట్టి కరుణ అంటే నూనె పోయడమేనని కొందరు ప్రసంగాల్లో చెబుతుంటారు. వినడానికి ఒకలా ఉన్నా అవి వేర్వేరు మాటలు. నూనె లేకుండానే ఈ ప్రార్థనకు కావలసినంత బలముంది.

హెబ్రీలోకి వెళితే లోతు ఇంకా తెలుస్తుంది. 51వ కీర్తన మొదటి వచనంలోనే దావీదు మూడు మాటలు వాడాడు. ‘హానన్’ అంటే పైనున్నవాడు కిందున్నవాడి వైపు వంగి మేలు చేయడం. ‘హెసెద్’ అంటే నిబంధన చేసినవాడు మాట తప్పకుండా నిలబెట్టుకునే ప్రేమ. మన బైబిల్లో దాన్ని కృప అంటాం. ‘రహమీమ్’ అంటే వాత్సల్యం. ఆ మాట ‘రెహెమ్’ అనే మాటకు చుట్టం. రెహెమ్ అంటే తల్లి గర్భం. బిడ్డ ఏడిస్తే తల్లి కడుపులో ఏదో కదులుతుంది చూశారా, దేవుడి కరుణకు లేఖనం పెట్టిన పేరు అది. కాబట్టి ‘కరుణించుము’ అన్నప్పుడు మనం బిచ్చం అడగడం లేదు. మాట ఇచ్చినవాణ్ణి ఆ మాట మీద, కన్నతల్లి లాంటివాణ్ణి ఆ పేగు మీద పిలుస్తున్నాం.

ఇంకొకటి. ఈ ప్రార్థన పాపం ఒప్పుకోవడానికి మాత్రమే అని చాలామంది అనుకుంటారు. సువార్తలు తెరిచి చూడండి. యెరికో దారిలో బర్తిమయి ఇలా కేక వేసింది చూపు కోసం. కనాను స్త్రీ కూతురి కోసం. మత్తయి 17లో ఒక తండ్రి మూర్ఛరోగంతో నిప్పుల్లోనూ నీళ్ళల్లోనూ పడుతున్న కొడుకు కోసం. లూకా 17లో పదిమంది కుష్ఠరోగులు శుద్ధి కోసం. వీళ్ళెవరూ పాపాల పట్టీ చదవలేదు. ఒంట్లో బాధ, ఇంట్లో బాధ తెచ్చి ఆయన ముందు పెట్టారు. లూకా 18లో సుంకరి మాత్రం పాపాన్ని గురించే అడిగాడు. అక్కడ గ్రీకులో వాడిన క్రియ కూడా వేరు, ప్రాయశ్చిత్తానికి సంబంధించినది. అంటే ఆసుపత్రి మంచానికీ, పాపం ఒప్పుకునే మోకాళ్ళకీ రెండింటికీ ఈ చిన్న ప్రార్థన సరిపోతుంది.

మొదటి నేరం: ఇది అవిశ్వాసం

ఈ మాట అన్నవాళ్ళతో యేసు ప్రభువు ఏమన్నాడో చూడండి. బర్తిమయితో నీ విశ్వాసమే నిన్ను బాగుచేసింది అన్నాడు. కనాను స్త్రీతో నీ విశ్వాసం గొప్పది అన్నాడు. తిరిగొచ్చి కృతజ్ఞత చెప్పిన సమరయుడైన కుష్ఠరోగితోనూ నీ విశ్వాసమే అన్నాడు. మత్తయి 9లో కరుణించమని కేకలు వేస్తూ ఇంటిదాకా వెంటబడిన ఇద్దరు గుడ్డివాళ్ళకు వాళ్ళ విశ్వాసం చొప్పునే జరిగింది. ప్రభువు ఏ నోటి మాటకు విశ్వాసమని పేరు పెట్టాడో, దానికే మనం అవిశ్వాసమని పేరు పెడతామా? ఆయన కంటే మనకు ఎక్కువ తెలుసా?

‘అదంతా సిలువకు ముందు, ఇప్పుడు కరుణ దొరికిపోయింది’ అంటారు. సరే, సిలువ తర్వాతి పత్రికలే తీద్దాం. హెబ్రీ 4:16 విశ్వాసులకు రాసినది. కరుణ పొందడానికి కృపాసనం దగ్గరికి ధైర్యంగా రమ్మంటుంది. దొరికిపోయి అయిపోయినదైతే రమ్మనడం దేనికి? 1 తిమోతి మొదటి అధ్యాయంలో పౌలు ఒక సంఘకాపరికే కృపతో, సమాధానంతో పాటు కనికరం కూడా కోరాడు. ఫిలిప్పీ 2:27లో ఎపఫ్రొదితు జబ్బు చేసి చావుదాకా వెళ్ళి బతికితే, పౌలు దాన్ని దేవుని కనికరం అన్నాడు, నా ప్రకటన ఫలితం అనలేదు. యూదా పత్రిక 21వ వచనం నిత్యజీవం కోసం ప్రభువు కనికరం వైపు కనిపెట్టుకుని ఉండమంటుంది. కనికరం మన వెనక ఉంది, ఈవేళ ఉంది, ముందూ ఉంది. నిన్నటి మన్నా నిన్నటికే. ఈ ఉదయం మళ్ళీ గిన్నె పట్టుకుని వెళ్ళాల్సిందే.

ఇక ప్రకటించే ప్రార్థన సంగతి. బైబిల్లో అలాంటి ప్రార్థన లేకపోలేదు. లూకా 18లోనే ఉంది. ఒకాయన దేవాలయంలో నిలబడి తన గురించి తాను చాలా గొప్పగా ప్రకటించుకున్నాడు. తాను ఎలాంటివాడు కాదో చెప్పాడు, వారానికి రెండు ఉపవాసాలు చెప్పాడు, దశమభాగం చెప్పాడు. ఒక్కటి కూడా అడగలేదు. అడగనివాడికి ఏమీ దొరకలేదు. వెనక దూరంగా నిలబడి కరుణ అడిగినవాడు నీతిమంతుడిగా తీర్చబడి ఇంటికి వెళ్ళాడు. ఈ ఉపమానాన్ని చిన్నప్పటి నుంచీ సండే స్కూల్లో నేర్పుతూ, పెద్దయ్యాక మన పిల్లల్ని మొదటివాడి పక్కన నిలబెడతామా?

ఈ బోధ వల్ల జరిగే నష్టం ఎలాంటిదో మన పొలం గట్టు మీద నిలబడి చూడండి. గుడివాడ వైపు కౌలుకు చేసే రైతు సార్వా పంట కోశాడు. పనలు పొలంలో ఉండగా తుపాను వాన పట్టింది. ధాన్యం నాని మొలకలొచ్చింది. కౌలు బస్తాలు మాత్రం కొలవాల్సిందే. ఎరువుల కొట్టు బాకీ అలాగే ఉంది. అలాంటివాడు కూటానికి వస్తే, ‘నువ్వు సరిగ్గా ప్రకటించలేదు, నీ నోటి మాటే నిన్ను పట్టుకుంది’ అంటే ఏమవుతుంది? వాన తీసుకెళ్ళినది పంటనే. ఆ మాట వాడి దేవుణ్ణి కూడా తీసుకుపోతుంది. పంట పోయినవాడికి ఇప్పుడు నేరం కూడా అంటింది. అదే మనిషి ‘ప్రభువా, కరుణించుము’ అన్నాడనుకోండి. అప్పుడు అప్పు తీరిపోతుందని నేను చెప్పను. కానీ వాడు ఒంటరి కాడు. ఓడిపోయినప్పుడు కూడా నోటితో అనదగిన మాట వాడికొకటి మిగిలింది. గెలిచినప్పుడు మాత్రమే పనిచేసే ప్రార్థన మనకెందుకు?

రెండో నేరం: ఇది వ్యర్థమైన వల్లింపు

మత్తయి 6:7 చూపిస్తారు. అక్కడ ప్రభువు ఆక్షేపించింది ఏమిటి? ఎక్కువ మాటలాడితే దేవుడు వింటాడని అనుకోవడం. మన ప్రార్థనలో ఎక్కువ మాటలెక్కడున్నాయి? ఇంతకంటే పొట్టిది ఇంకేముంది? రాత్రంతా ఒకే పల్లవిని ముప్పైసార్లు పాడి, ఒకే హల్లెలూయను మైకు పగిలేలా అరిచి, తెల్లారాక వచ్చి మూడుసార్లు ‘కరుణించుము’ అన్న ముసలమ్మను వ్యర్థంగా వల్లిస్తున్నావు అంటే, ఆ తూకం రాళ్ళలో ఏదో దొంగతనముంది.

ఒకే మాటను మళ్ళీ అనడమే పాపమైతే 136వ కీర్తనను బైబిల్లోంచి చింపేయాలి. అందులో 26 వచనాలు, 26 సార్లూ ఒకే పల్లవి. గెత్సేమనేలో ప్రభువే మూడోసారి కూడా అవే మాటలతో ప్రార్థించాడని మత్తయి 26:44 చెబుతుంది. బర్తిమయిని ఊరుకోమని అందరూ గద్దిస్తే అతను ఇంకా గట్టిగా అదే కేక వేశాడు. బిడ్డ ‘అమ్మా, అమ్మా’ అంటే అది వల్లింపా?

ఇది రోమా సంఘం కనిపెట్టిన మాటా? కాదు. మొదట ఇది గ్రీకు మాట్లాడే విశ్వాసుల నోట ఉన్నది. నాలుగో శతాబ్దం చివర ఎగేరియా అనే స్త్రీ యెరూషలేముకు యాత్ర వెళ్ళి, చూసినవన్నీ రాసిపెట్టింది. సాయంకాలం దీపాల వేళ ఆరాధనలో పరిచారకుడు ఒక్కొక్కరి పేరు చదువుతుంటే, అక్కడ నిలబడిన చిన్నపిల్లలు ప్రతి పేరుకూ ‘కీరియె ఎలెయిసోన్’ అని బదులిచ్చేవారట. సంస్కరణ వచ్చినప్పుడు కూడా మన పెద్దలు దీన్ని పారేయలేదు. లూథరు 1526లో తయారుచేసిన జర్మన్ ఆరాధన క్రమంలో దీన్ని మూడుసార్లు ఉంచాడు. ఇంగ్లండు సంఘం 1552 ప్రార్థన పుస్తకంలో పది ఆజ్ఞలు చదివి, ప్రతి ఆజ్ఞ తర్వాతా ప్రజలు కరుణ అడిగేలా, ఆ ఆజ్ఞ పాటించే మనసు అడిగేలా పెట్టారు. చూడండి ఎంత తెలివైన పనో. కరుణ అడగడం అంటే ఆజ్ఞను తప్పించుకోవడం కాదు, ఆజ్ఞ ముందు నిలబడి అడగడం.

ఆ ప్రార్థన పుస్తకం సంప్రదాయమే 1841లో హెన్రీ ఫాక్స్, రాబర్ట్ నోబుల్ దొరలతో బందరులో దిగింది. నోబుల్ దొర 1843లో బడి పెట్టాడు. అదే నోబుల్ కాలేజీ అయింది. ఆయన 1865లో బందరులోనే కన్నుమూశాడు. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడ్డాక, 1950లో వచ్చిన ప్రభు భోజన క్రమంలో తూర్పు సంఘాల పాత ప్రార్థన కూడా చేరింది. పరిశుద్ధుడు, బలవంతుడు, చావులేనివాడు అయిన దేవుణ్ణి కరుణ అడిగే ప్రార్థన అది. యెరూషలేము పిల్లల నోటి నుంచి మన పాకలో కూర్చున్న అవ్వ నోటి దాకా వచ్చిన మాట ఇది. నిన్న పుట్టిన చానెల్ ఒకటి దీన్ని తీసేయమంటే తీసేయడానికి ఇది మన సొంత సొత్తు కాదు.

అయితే ఒకటి ఒప్పుకుందాం. వాళ్ళ ఆక్షేపణకు మన సంఘాలే కొంత చోటిచ్చాయి. నోరు కరుణించుము అంటుంటే కళ్ళు ఫోనులో ఉంటే, అది వ్యర్థమే. ఆ రోగానికి మందు ఆ మాటను మానేయడం కాదు, మనసు పెట్టి అనడం. అన్నం ఉడకలేదని కుండ పగలగొట్టుకుంటామా?

మూడో నేరం: ఇది బానిస మాట

మొదటి రెండింటి కంటే ఇది బరువైనది. ఇది వేదికల మీద నుంచి రాలేదు, మన పేటల్లోంచి వచ్చింది. చదువుకున్న ఒక చెల్లెమ్మ అడిగిన ప్రశ్న ఇది: ‘మా తాతలు కామందుల గుమ్మం ముందు చెప్పులు చేత్తో పట్టుకుని, దయ చూపండి దొరా, కనికరించండి బాబూ అని బతికారు. ఆ బతుకులోంచి బయటపడడానికే సంఘంలోకి వచ్చారు. ఇక్కడ కూడా మళ్ళీ అదే మాట అనాలా?’

ఈ ప్రశ్న అడిగే హక్కు ఆమెకుంది. దీన్ని కోపపడి నోరు మూయించే కాపరి కాపరి కాడు. జవాబు 123వ కీర్తనలో ఉంది. అందులో దాసుల కళ్ళు యజమాని చేతి వైపు చూసినట్టు మా కళ్ళు దేవుని వైపు చూస్తున్నాయి అంటారు. ఆ తర్వాత కరుణించమని రెండుసార్లు అడుగుతారు. ఎందుకు అడుగుతున్నారో కూడా చెబుతారు. గర్విష్ఠుల తిరస్కారం, సుఖంగా ఉన్నవాళ్ళ ఎగతాళి మా ప్రాణాలకు ఇక చాలు, నిండిపోయింది అంటారు. చూశారా? ఈ ప్రార్థన దొరల వైపు చూసి చేసేది కాదు. దొరల తిరస్కారం తిని తిని విసిగినవాళ్ళు దొరల మీద నుంచి కళ్ళు తిప్పుకుని పైకి చూసి చేసేది. ఇది ఆ గుమ్మం ముందు వంగినవాడి మాట కాదు. ఇక ఆ గుమ్మానికి రానని లేచినవాడి మాట.

‘కీరియె’ అనే మాట సంగతీ వినండి. రోమా సామ్రాజ్యంలో కైసరును ప్రభువు అనమన్నారు. రెండో శతాబ్దంలో స్ముర్న సంఘాధ్యక్షుడు పాలికార్పును పట్టుకుని, కైసరు ప్రభువని ఒక్క మాట అంటే నీకు పోయేదేముంది అని నచ్చజెప్పారు. ఆయన అనలేదు. ప్రాణం ఇచ్చాడు. యేసును ‘ప్రభువా’ అని పిలిచే నోరు ఇంకొకణ్ణి అలా పిలవదు. కాబట్టి చెల్లెమ్మా, ఈ ప్రార్థనలో మొదటి మాటే నీ విడుదల పత్రం. ఆ పిలుపు ఒక్కడికే. మిగతావాళ్ళందరూ నీకు సహోదరులు, లేదా ఉద్యోగులు, లేదా ఇరుగుపొరుగు. ప్రభువులు మాత్రం కారు.

దీనికి ఇంకో సగం కూడా చెప్పాలి. కరుణ అడగాల్సింది దేవుణ్ణి. న్యాయం అడగాల్సింది కోర్టును, పోలీసును, ప్రభుత్వాన్ని. ఈ రెండింటినీ కలగలిపి, ‘క్రైస్తవులు కదా, క్షమించి ఊరుకోండి’ అని పేదవాడి ఫిర్యాదును చింపించే పెద్దమనుషులు ఉన్నారు. మత్తయి 23:23లో ప్రభువు న్యాయం, కనికరం, విశ్వాసం మూడింటినీ ఒకే వరసలో పెట్టాడు. ఒకటి ఇచ్చి ఇంకొకటి ఎగ్గొట్టమనలేదు. 1991 ఆగస్టు 6న కృష్ణ అవతలి ఒడ్డున చుండూరులో ఎనిమిది మంది దళితులను చంపారు. వాళ్ళవాళ్ళు దేవుని ముందు కరుణ అడిగారు, ప్రభుత్వం ముందు న్యాయం అడిగారు. రెండూ ప్రార్థనకు తగిన పనులే. ‘కరుణించుము’ అనే మాటను అడ్డం పెట్టి న్యాయాన్ని నోరెత్తనివ్వనివాడు ఆ ప్రార్థనను దొంగిలించినవాడు.

ఉప్పెన రాత్రి ఏ ప్రార్థన?

మన నేల మీద నిలబడి ఆలోచిద్దాం. 1864 నవంబరు 1 రాత్రి సముద్రం బందరు మీదికి వచ్చింది. సుమారు 30,000 మంది పోయారు. 1977 నవంబరు 19న దివిసీమ మీదికి వచ్చింది. అధికారిక లెక్కే పది వేల దాకా చెబుతుంది. నాగాయలంక, కోడూరు, అవనిగడ్డ వైపు మీ ఇళ్ళలో ఇప్పటికీ ఆ రాత్రి గురించి చెప్పే పెద్దవాళ్ళున్నారు. వాళ్ళ దగ్గర కూర్చుని వినండి. ఆ రోజు శనివారం. తెల్లారితే ఆదివారం.

ఆ ఆదివారం ఉదయం ఏ ప్రకటన చేస్తారు? బురదలో బిడ్డను వెతుకుతున్న తల్లి ముందు నిలబడి, విజయం నాదే అని ఎవరు అనగలరు? ఆ ఉదయానికి చాలే ప్రార్థన ఏదో, అదే నిజమైన ప్రార్థన. ఆ ఉదయానికి చాలనిది ఏ ఉదయానికీ చాలదు.

ఇటువైపు ఇంకో తప్పు బోధ కూడా ఉంది. ఉప్పెన వాళ్ళ పాపానికి శిక్ష అనేవాళ్ళు. లూకా 13:4లో సిలోయము గోపురం కూలి 18 మంది చచ్చిపోతే, వాళ్ళు మిగతావాళ్ళకంటే పాపులనుకుంటున్నారా అని అడిగి ప్రభువే కాదన్నాడు. ‘కరుణించుము’ అనే ప్రార్థన ఈ రెండు నోళ్ళనూ మూయిస్తుంది. నేను గెలిచాను అనే నోటినీ, వాళ్ళు పాపులు అనే నోటినీ. మనమందరం ఒకే గట్టు మీద నిలబడినవాళ్ళమని చెబుతుంది.

కరుణ ఎలా వస్తుందో కూడా మన తీరమే చూసింది. 1990 మే 9న పెద్ద తుపాను మళ్ళీ కృష్ణ ముఖద్వారం దగ్గరే తీరం దాటింది. ఈసారి ముందుగా హెచ్చరికలు అందాయి. లక్షలమందిని తీరం నుంచి తరలించారు. పోయినవాళ్ళ సంఖ్య వెయ్యి లోపే ఉంది. ఆ ప్రాణాలు కూడా ప్రాణాలే. కానీ 1977కీ 1990కీ తేడా చూడండి. రేడియో హెచ్చరిక, లారీ, తుపాను షెల్టరు, ఇల్లు ఖాళీ చేయమని వీధి వీధీ తిరిగిన ఉద్యోగి, ఇవన్నీ దేవుని కరుణకు చేతులూ కాళ్ళూ. ‘ప్రభువా, కరుణించుము’ అని మోకరించి, హెచ్చరిక వచ్చాక ఇల్లు కదలనివాడు విశ్వాసి కాదు, దేవుణ్ణి శోధిస్తున్నవాడు. అడిగిన కరుణ గుమ్మం ముందుకు వచ్చి హారన్ కొడుతోంది. ఎక్కి కూర్చోవాలి.

అడిగినవాడు ఇవ్వాలి

చివరి మాట బయటివాళ్ళకు కాదు, మనకే. ఈ ప్రార్థనను వాదించి నిలబెట్టుకుంటే చాలదు. మత్తయి 18లో పెద్ద అప్పు మాఫీ అయిన దాసుడు బయటికి రాగానే, చిన్న అప్పున్న తోటి దాసుడి గొంతు పట్టుకున్నాడు. నేను నిన్ను కనికరించాను కదా, నువ్వు కనికరించనక్కర్లేదా అన్నదే రాజు అడిగిన ప్రశ్న. లూకా 16లో ధనవంతుడు కూడా కనికరించమని కేక వేశాడు. ఆ మాట అతనికి తెలియక కాదు. గుమ్మం ముందు లాజరు ఉన్నన్నాళ్ళూ ఇవ్వలేదు. అడిగేవేళకి ఆలస్యమైంది.

మన సంఘంలో నూటికి మూడు రూపాయల వడ్డీకి తిప్పేవాళ్ళున్నారు. ఆదివారం కరుణించుము అని, సోమవారం వాయిదా దాటిన విధవరాలి గుమ్మం ముందు కేకలు వేస్తే, ఆ రెండింటిలో ఏది ప్రార్థన? కోడల్ని పుట్టింటి నుంచి డబ్బు తెమ్మని వేధించే అత్తగారు, కూలీకి మాట్లాడుకున్న డబ్బులో కోత కోసే మేస్త్రి, మాదిగపేట సంఘంతో ప్రభు భోజనం పంచుకోవడానికి వెనకాడే మాలపేట పెద్ద, ‘కరుణించుము’ అనే మాట నాలుక మీద పెట్టుకునే ముందు ఈ ఉపమానం మళ్ళీ చదవాలి. మన ప్రార్థనను వ్యర్థం చేసేది పదేపదే అనడం కాదు, ఇలా బతకడం.

ఇక దీన్ని వాడడం ఎలాగంటే, చాలా సులభం. సముద్రంలోకి వేటకు వెళ్ళే అన్నలారా, గిలకలదిండి నుంచి బోటు కదిలేటప్పుడు ఒక్కసారి అనండి. ఊడ్పుల్లో వంగిన అక్కలారా, నడుం ఎత్తినప్పుడు అనండి. ఆసుపత్రి వరండాలో పెద్ద ప్రార్థన రాదు, మాటలు ముక్కలైపోతాయి. అప్పుడు రోగి పేరు చెప్పి ఇదొక్కటే అనండి. కోపం వచ్చినప్పుడు, ఎదుటివాడి పేరు ముందు పెట్టి అనండి. వాణ్ణి కరుణించమని నిజంగా అడిగినవాడు వాణ్ణి కొట్టలేడు. ఇంట్లో పిల్లలకు నేర్పండి. బుధవారం ప్రార్థనలో ఇకనుంచి ఎగేరియా చూసిన పద్ధతే మనమూ పాటిద్దాం. జబ్బుపడినవాళ్ళ పేర్లు, అప్పుల్లో ఉన్నవాళ్ళ పేర్లు, గల్ఫులో కబురు తెలియనివాళ్ళ పేర్లు ఒక్కొక్కటే చదువుదాం. పిల్లలు ముందు నిలబడి బదులిస్తారు. పేరు చదివాక ఆ ఇంటికి ఆ వారం ఎవరు వెళతారో కూడా అక్కడే చెప్పుకుందాం.

ఆ తమ్ముడికి నా జవాబు ఇదే: ఈ మాటను క్రమంలోంచి తీయం నాయనా. నువ్వు గెలిచిన రోజున అది నీకు అక్కర్లేదనిపించవచ్చు. నువ్వు పడిపోయే రోజుకు అది నీకోసం అక్కడ ఉండాలి. నీ మీద పడిపోయేవాడి కోసం కూడా.

కనికరసంపన్నుడైన తండ్రి మీ పొలాలను, వలలను, పిల్లలను, ఒంట్లో బాగాలేని మీ పెద్దవాళ్ళను కరుణించును గాక. మన చేతుల ద్వారా ఇతరులను కరుణించును గాక. ఆమేన్.